మూడు నూళ్ళ తేడా

చెక్క మీద చిత్రిక ముందుకు పోయినప్పుడు తాతారావు ఊపిరి వదులుతాడు, వెనక్కి లాగినప్పుడు పీలుస్తాడు. ముప్పై రెండేళ్ళుగా చేతులకూ ఊపిరికీ మధ్య కుదిరిన ఒప్పందం అది. షెడ్డు రేకుల మీంచి మంచు బొట్లు బొట్లుగా కారుతోంది. కింద రైలుకట్ట ఎక్కడుందో, పక్కనున్న కాఫీతోట ఎక్కడ మొదలవుతుందో ఇంకా తెలియడం లేదు. మాఘమాసంలో ఏడు దాటితేగాని అరకులో ఎండ నేల మీదికి దిగదు. అతను మాత్రం ఐదున్నరకే లేచి, నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, నామం పెట్టుకుని, ఉలికీ రంపానికీ దండం పెట్టి పనిలో పడ్డాడు. డుంబ్రిగుడలో ఎవరో రైతు కట్టుకున్న కాఫీ గోదాముకి రెండు రెక్కల తలుపు చేయాలి. మరో వారంలో బిగించాలి.

పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా లేచి అతని పాదాల మీద పడుతోంది. నాలుగు తోపులు తోసి, చెక్కని కంటి ఎత్తుకి లేపి, ఒక కన్ను మూసి చూశాడు. ఆ చూపు చెక్క చివరిదాకా వెళ్ళి అక్కడ ఆగకుండా, తెరిచి ఉన్న తలుపులోంచి ఇంట్లోకి పోయింది.

మనవరాలు లేచే ఉంది. తొట్టి కమ్ముల సందులోంచి అతన్నే చూస్తోంది.

"లెగిసిపోనావేటే అప్పుడే?" అన్నాడు.

పిల్ల బోసినోరు తెరిచి నవ్వింది. నాలుగు నెలలు నిండి ఐదో నెల నడుస్తోంది. ఏ పూట చూసినా అది షెడ్డు వైపే తల తిప్పి ఉంటుంది. తల్లి పిలిచినా, అమ్మమ్మ చిటికెలు వేసినా ఒక్క క్షణం అటు చూసి మళ్ళీ ఇటే. "దానికి తాతంటే పిచ్చి" అని తాతారావు టీ కొట్టు దగ్గర చెప్పుకున్నాడు, ఇనప సామాన్ల కొట్లో చెప్పుకున్నాడు, మేకులు తెచ్చిన కుర్రాడికి కూడా చెప్పాడు. జన్మలో ఎవరూ అతన్ని అంతసేపు చూడలేదు మరి.

ఈ పూట ఆ నవ్వుకి బదులు నవ్వబోయి, సగంలో ఆపేసి చిత్రిక అందుకున్నాడు. పొద్దున పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. మధ్యాహ్నం అల్లుడు జీపు తెస్తాడు. కూతురు భానుశ్రీ పురిటికి వచ్చి ఆరు నెలలైంది. ఐదో నెలలో సారె పెట్టి సీలేరు పంపాలని, గురువారం మూడున్నర లోపల గడప దాటాలని పంతులుగారు చెప్పారు. ఈ రెండు పనులూ ఒకే రోజున పడ్డాయి. డాక్టరు ఏమంటుందో తెలియకుండా పిల్లని పంపడం తల్లికి ఇష్టం లేదు. తాతకి అసలే లేదు.

తాతారావుది సాలూరు. రైల్వే క్వార్టర్లకి కిటికీలు బిగించే పనికని ఒక మేస్త్రి వెంట మూడు నెలలకి కొండెక్కి, దిగడం మరిచిపోయాడు. ఈ లోయలో అతను చేసిన తలుపులు ఎన్నో అతనికే తెలియదు. హాస్టలు తలుపులు, గోదాము తలుపులు, చర్చిలో బల్లలు, రాములవారి కోవెల రథానికి చక్రాలు. ఏ దాని మీదా అతని పేరు లేదు. మైదానం నుంచి వచ్చిన వడ్రంగులు తలుపుని చట్రానికి బిగుతుగా కూర్చి పోతారు. వానలు పట్టి మంచు దిగేసరికి చెక్క ఉబ్బి, తన్నితేగాని తెరుచుకోదు. తాతారావు ప్రతి తలుపుకీ చుట్టూ ఒక సన్నటి సందు వదులుతాడు. అదేమిటని అడిగితే "మంచు వాటా" అంటాడు. అతని గురించి ఎవరైనా చెప్పాల్సి వస్తే అంతే చెప్తారు: తాతారావు మేస్త్రి తలుపు పట్టెయ్యదు.

ఇంకొక అలవాటుంది. ఏ చట్రం కూర్చినా మూలమట్టం పెట్టి ఊరుకోడు. ఈ మూల నుంచి ఆ ఎదుటి మూలకి దారం పట్టి ముడి వేస్తాడు. అదే దారం రెండో జత మూలలకి పట్టి చూస్తాడు. ముడి కచ్చితంగా మూల మీద పడితే చట్రం సరిగా ఉన్నట్టు. పడకపోతే ఎటో వాలినట్టు. మనిషి కన్ను మొహమాటపడుతుంది గాని దారం పడదంటాడు.

ఆ అలవాటే అతన్ని ఇరవై రోజులుగా కాల్చుకు తింటోంది.

మొదట పైకి అన్నది భానుశ్రీ. నీళ్ళు పోసి తల తుడుస్తూ పైనుంచి చూసి, "అమ్మా, దీని తల వెనకాల కుడిపక్క బల్లపరుపుగా లేదూ?" అంది. ఆమె తల్లి యర్రమ్మ ఆ రోజే పాత చీర చింపి ఆవాలు నింపి చిన్న దిండు కుట్టింది. నీళ్ళు పోయడానికి వచ్చే చిన్నమ్మలు రోజూ గుండ్రంగా ఒత్తడం మొదలుపెట్టింది, పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడవడం మొదలుపెట్టింది. భానుశ్రీ ఫొటో తీసి మొగుడికి పంపింది. అల్లుడు దుర్గాప్రసాద్ సీలేరు పవర్‌హౌసులో ఆపరేటరు, భయస్తుడు. అతను ఫోనులో ఏవేవో వెతికి, తలకి హెల్మెట్టు తొడిగిన ఏదో దేశపు పిల్ల బొమ్మ, దాని వెనక తలకి ఆపరేషను చేసిన ఇంకో పిల్ల బొమ్మ పంపాడు. ఆ రెండో బొమ్మ చూసినప్పటి నుంచి భానుశ్రీకి అన్నం సహించడం లేదు. తల ఎముకల మధ్య అతుకులు ముందే మూసుకుపోతే కోసి తెరవాలని కింద రాసి ఉంది.

తాతారావుకి అంతకు ముందే తెలుసు. పిల్ల కుడి చెవి ఎడమ చెవి కంటే ముందుకు జరిగి ఉండటం అతను కూతురు కంటే పది రోజుల ముందే చూశాడు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నిద్రపోతున్న పిల్ల తల కింద చెయ్యి పెట్టి, కనుబొమ చివర నుంచి ఎదుటి వెనక మూలకి దారం పట్టి ముడి వేశాడు. రెండో వైపు పట్టాడు. ముడి మూల మీద పడలేదు. దారాన్ని చుట్టి జేబులో వేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

యర్రమ్మ టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఎనిమిదయిపోతంది. ఆ తలుపు రేపు గూడా ఉంతాది. బేగి తెముల్సు" అంది. తర్వాత గొంతు తగ్గించి, రాత్రి అమ్మాయి కళ్ళు తుడుచుకుందని, అక్కడ అత్తగారు పిల్లని చూసి ఏమంటుందోనని దిగులుపడుతోందని చెప్పింది. తాతారావు టీ తాగి, చొక్కా మార్చుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. పెళ్ళికి వెళ్ళినా ఆ పెన్సిలు అక్కడే ఉంటుంది.

ఆసుపత్రిలో చీటీ మీద 'బేబీ ఆఫ్ భానుశ్రీ' అని రాశారు. పేరు ఇంకా తేలలేదు. తండ్రి వైపు ఒకటి, తల్లి ఒకటి అనుకుంటున్నారు. తాత మాత్రం 'సిట్టి' అని పిలుస్తున్నాడు. వరండా నిండా జనం. తల్లులు, దగ్గులు, స్వెట్టర్లు. పక్కన ఒక కొండ ఊరి మనిషి నిలబడే ఉంది. వీపున గుడ్డలో కట్టిన బిడ్డ ఆమె భుజం మీంచి తొంగి చూస్తోంది. యర్రమ్మ ఆ బిడ్డ తలకేసి చూసింది. గుండ్రంగా, నున్నగా, బత్తాయిలా ఉంది. యర్రమ్మ మొహం తిప్పుకుని మనవరాలి టోపీ కిందికి లాగింది.

భానుశ్రీ తండ్రి వైపు వంగి, "ఆపరేషన్ అంటే నేను ఒప్పుకోను నాన్నా. ముందే చెప్తున్నాను" అంది. ఆ మాట ఆమె ఇంటి దగ్గర రెండుసార్లు, ఆటోలో ఒకసారి అంది. తాతారావు తల ఊపాడు. ఒప్పుకోకపోవడం తమ చేతుల్లో ఉంటుందా అని అతనికి అనుమానం. దేవుడికి మొక్కుదామంటే ఏమని మొక్కాలో కూడా తెలియడం లేదు. గుండ్రటి తల ఇమ్మని అడగడం సిగ్గుగా ఉంది. లోపల బాగుంటే చాలు స్వామీ, పైన నీ ఇష్టం అనుకుని వదిలేశాడు.

పిల్లల డాక్టరమ్మ పేరు స్వర్ణ. ముప్పై దాటి ఉండవు. డుంబ్రిగుడ అవతల కొండ మీది ఊరు ఆమెది. తండ్రి ఇప్పటికీ రాగులూ రాజ్‌మా పండిస్తాడని వరండాలో ఎవరో గర్వంగా చెప్పుకుంటున్నారు. పిల్లని ముట్టుకునే ముందు ఆమె చేతులు రెండూ రుద్దుకుని వెచ్చ చేసుకుంది. తాతారావుకి అది నచ్చింది. చలికాలం ఉలి పట్టే ముందు తనూ అలాగే చేస్తాడు.

టోపీ తీసి పైనుంచి చూసింది. ముందు నుంచి, వెనక నుంచి చూసింది. తర్వాత వేళ్ళ కొసలు నడినెత్తిన ఆనించి, మెల్లగా వెనక్కీ అక్కణ్ణుంచి చెవి వెనక్కీ నడిపింది. ఆ వేళ్ళు దేన్ని వెతుకుతున్నాయో తాతారావుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు చెక్కలు కూర్చిన అతుకు మీద కళ్ళు మూసుకుని తనూ అలాగే వేలు నడుపుతాడు. గట్టు తగిలితే అతుకు చెడినట్టే. వేళ్ళు కుడి చెవి వెనకాల ఆగాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి వచ్చాయి. భానుశ్రీ కుర్చీ అంచు పట్టుకుంది.

"అతుకులు తెరిచే ఉన్నాయి" అంది డాక్టరమ్మ. "ఎక్కడా గట్టు కట్టలేదు. ఆపరేషన్ మాట మరిచిపోండి."

భానుశ్రీ కుర్చీలో వెనక్కి వాలి ఏడ్చింది. యర్రమ్మ ఆమె వీపు నిమురుతూ, డాక్టరమ్మకి దండం పెడుతూ, మధ్యలో తనూ ముక్కు చీదింది. తాతారావుకి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు.

"మరి సెవి ముందుకొచ్చీసింది కదమ్మా" అన్నాడు. ఇరవై రోజులుగా లోపలే దాచుకున్న మాట అది.

"అదే మంచి గుర్తు తాతగారూ. అతుకు మూసుకుపోతే చెవి వెనక్కి పోతుంది చాలావరకు. ఇక్కడ ఒకే పక్క బరువు ఆనడం వల్ల ఆ పక్క తల మొత్తం కొంచెం ముందుకు జరిగింది, అంతే."

తాతారావు అరచేతులు రెండూ చట్రంలా పట్టి, ఒక మూల నుంచి తోసినట్టు వాల్చి చూపించాడు. "సట్రం వాలింది. కీలు ఇరగలేదు."

"సరిగ్గా చెప్పారు" అని ఆమె సొరుగులోంచి రెండు కాళ్ళ కొలత సాధనం తీసింది. అలాంటిదే తాతారావు దగ్గరా ఉంది, మంచం కోళ్ళు చెక్కేటప్పుడు వాడతాడు. ఆమె ఈ కనుబొమ నుంచి ఆ వెనక మూలకి ఒకసారి, ఆ కనుబొమ నుంచి ఈ వెనక మూలకి ఒకసారి కొలిచి రాసుకుంది. "తొమ్మిది మిల్లీమీటర్లు తేడా ఉంది" అంది.

తాతారావు జేబులోంచి దారం తీసి బల్ల మీద పెట్టాడు. "మూడు నూళ్ళు. కొంచెం తక్కువ" అన్నాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతని కూతురు వివరించింది. డాక్టరమ్మ ఆ దారాన్ని, దాని ముడిని తన స్కేలు పక్కన పెట్టి చూసి, మళ్ళీ అతని మొహం చూసింది. భానుశ్రీ కూడా తండ్రినే చూస్తోంది. నాన్న ముందే కొలిచి ఇన్నాళ్ళూ ఒక్కడే మోశాడని ఆమెకి అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ పిల్ల మొహాన్ని ఎడమకి తిప్పబోయింది. మెడ సగం దాకా వచ్చి మొరాయించింది. పిల్ల ఎక్కడ పడుకుంటుందో, వెలుగు ఎటు నుంచి వస్తుందో చెప్పమంది. చెప్పడం కంటే గీయడం తేలికని తాతారావు పెన్సిలు తీసి చీటీ వెనక గది గీశాడు. పడమటి గోడ. గోడకి ఆనించి తొట్టి. అది అతను పనస చెక్కతో చేసింది. తలవైపు పలక మీద ముక్కు ముక్కు ఆనించిన రెండు చిలకలు చెక్కాడు. నేల ఎత్తుపల్లాలుగా ఉందని గోడకి బోల్టులు వేసి మరీ బిగించాడు. తల దక్షిణానికి, కాళ్ళు ఉత్తరానికి. తూర్పున తలుపు. తలుపు అవతల షెడ్డు. షెడ్డులో తను కూర్చునే చోట ఒక చుక్క పెట్టాడు. ఎవరూ అడగకుండానే, పిల్ల తల నుంచి ఆ చుక్కకి ఒక గీత గీశాడు.

గీత చివర పెన్సిలు ఆగిపోయింది.

ఎడమన గోడ, కుడిన తాత. పిల్ల చూడటానికి కుడిపక్క తప్ప ఇంకో పక్క లేదు. తల కుడికి తిప్పి, ఆ పక్కనే బరువు ఆనించి, తెల్లారి లేచిన దగ్గర నుంచి పొద్దుగూకేదాకా తననే చూసింది.

"ఇది నా వొల్లే అయిందమ్మా" అన్నాడు. "నన్ను సూత్తంది, నన్నే సూత్తందనీసి ఊరంతా సెప్పుకున్నాను."

"తాతని చూడటం తప్పు కాదు" అంది డాక్టరమ్మ. "రెండో పక్క నుంచి కూడా చూడనివ్వండి." అని ఆ చీటీలో తొట్టి ఉన్నచోట వేలు పెట్టి, తలవైపూ కాళ్ళవైపూ తారుమారు చేసినట్టు చూపించింది. అలా పడుకుంటే తాత ఎడమకి వస్తాడు.

తాతారావు చీటీ మీద దిక్కులు చూసుకున్నాడు. "ఉత్తరానికి తల ఎట్టకూడదంతారు కదమ్మా."

ఆమె నవ్వలేదు. తన చిన్నప్పుడు అమ్మ తనని వీపున కట్టుకుని రాగి చేలో కలుపు తీసేదని చెప్పింది. "ఒక సాలు అటు, ఒక సాలు ఇటు. నా తల రోజుకి ఎన్ని దిక్కులు తిరిగిందో లెక్కే లేదు. అందుకే మా ఊళ్ళో ఎవరికీ తల చదునవలేదు. తిక్క మాత్రం అందరికీ ఉంది."

ఆ తర్వాత చెప్పాల్సినవన్నీ భానుశ్రీకి ఒక్కొక్కటే చెప్పి, మళ్ళీ అప్పజెప్పించుకుంది. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే. ఒకరోజు తల ఇటు, ఒకరోజు అటు. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉన్నప్పుడు మాత్రమే బోర్లా. వీలైనంతసేపు ఎత్తుకోవాలి. మెడని మెల్లగా ఎలా తిప్పాలో చేసి చూపించింది. ఒత్తడాలు ఆపాలి, దిండు తీసెయ్యాలి. హెల్మెట్టు ఇప్పుడు అక్కర్లేదు. ఆరు వారాలకి సీలేరులో గాని ఇక్కడ గాని మళ్ళీ కొలిపించాలి. పూర్తిగా గుండ్రంగా రాకపోయినా జుట్టు వచ్చాక తల్లికి తప్ప ఎవరికీ తెలియదంది. తాతకి తెలుస్తుందని తాతారావు మనసులో అనుకున్నాడు.

ఆటోలో వస్తుంటే యర్రమ్మ మొహం విప్పారి, ఆవాల దిండు గురించి ఎవరూ అడగకముందే తనే చెప్పింది. ఆ ఆవాలు రేపటి నుంచి పోపులోకే, అల్లుడికి మాత్రం చెప్పొద్దు. భానుశ్రీ చాన్నాళ్ళకి పెద్దగా నవ్వింది. తాతారావు మాత్రం రోడ్డు పక్క టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసిన కాఫీ గింజలు చూస్తూ కూర్చున్నాడు.

"ఏటాలోసిత్తన్నావు మేస్త్రీ?" అంది యర్రమ్మ. పరాచకమాడినప్పుడు ఆమె కూడా మొగుణ్ణి మేస్త్రీ అనే పిలుస్తుంది.

"ఉత్తరం" అన్నాడు.

"ఇది కడుపులో ఉన్నప్పుడు తల ఏ దిక్కునెట్టిందో సూసేవా? నీ కూతురు సంతకెల్తే సంతేపు, కోవెలకెల్తే కోవెలేపు. తొమ్మిది నెల్లు అన్ని దిక్కులూ తిరిగీసే ఒచ్చింది. అప్పుడు లేన్ది ఇప్పుడేటి?"

పెద్దలు ఊరికే అనరని తాతారావు నమ్మకం. ముప్పై రెండేళ్ళలో ఒక్క గడప కూడా దిక్కు చూడకుండా ఎత్తలేదు. కానీ పెద్దలు చెప్పింది పెద్దవాళ్ళ పడక గురించేమో. తొట్టి గురించి ఎవరైనా విడిగా చెప్పారా? ఉత్తరాన ఉండే దేవుడికి పాలు తాగే పిల్ల తలతో పగేముంటుంది? రేపు కోవెలలో పంతులుగారిని అడగాలనుకున్నాడు. అడిగేలోపల తొట్టి తిప్పెయ్యాలని కూడా అనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు. చొక్కా అయినా విప్పకుండా గోడ బోల్టులు ఊడదీసి తొట్టిని షెడ్డులోకి మోసుకొచ్చాడు. కూతురితో పాటు అది సీలేరు వెళ్ళాలి. అక్కడ ఏ గదిలో వేస్తారో, గోడ ఎటు ఉంటుందో తెలియదు. తెలిసినా లాభం లేదు. చిలకల పలక ఉన్నంతకాలం ఏ ఆడమనిషైనా పిల్ల తలని ఆ పక్కే పెడుతుంది. తలవైపు ఏదో తొట్టే చెప్తోంది మరి.

పలకని విప్పి బల్ల మీద పెట్టాడు. అతని చేతి పనుల్లో అంత సన్నటిది ఇంకోటి లేదు. ఈకలకే పద్దెనిమిది రోజులు పట్టింది. రెండు ముక్కులూ కలిసిన చోట పెన్సిలుతో నిలువుగా గీత గీసి, రంపం పెట్టాడు.

"నాన్నా, ఏం చేస్తున్నావ్?" అని భానుశ్రీ పరుగెత్తుకొచ్చింది.

అతను ఆపలేదు. పనస పొడి పసుపులా రాలింది. రంపం బయటికొచ్చాక రెండు చిలకలూ విడిపోయి, రెండు వైపులకి ఒరిగాయి. ఒకదాన్ని తలవైపు ఉన్న చోటే బిగించాడు. రెండోదాన్ని కాళ్ళ వైపు బిగించాడు. కోసిన అంచులు నున్నగా చిత్రిక పట్టి, వేలితో తడిమి చూశాడు.

ఆలోపు యర్రమ్మ ఒక పాత బొంత నాలుగు మడతలేసి షెడ్డు నేల మీద పరిచి, పిల్లని బోర్లా పడుకోబెట్టింది. పిల్లకి ఆ పని బొత్తిగా నచ్చలేదు. ముక్కు బొంతకి ఆనించి ఏడుపు లంకించుకుంది. ఎత్తుకుందామని భానుశ్రీ వంగబోతే, "లెక్కపెట్టు, అరవై దాకా లెక్కపెట్టు" అంది యర్రమ్మ. లెక్క నలభై దాటాక తాతారావు లేచి పిల్లకి ఎడమ పక్కకి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. కొయ్యసుత్తితో నేల మీద చెక్కముక్కని టక్, టక్, టక్‌మని కొట్టాడు. ఆ చప్పుడు పిల్లకి తెలుసు. కడుపులోంచి బయటికొచ్చిన దగ్గర నుంచి వింటోంది.

ఏడుపు ఆగింది. తల ఊగుతూ లేచింది. అలవాటుగా కుడికి చూసింది. అక్కడ ఎవరూ లేరు. టక్, టక్. మెడ వణికింది. కాసేపు తటపటాయించి, బిగుసుకున్న తలుపు తెరుచుకున్నట్టు మెల్లగా ఎడమకి తిరిగింది. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు. తాత మొహం కనపడింది. సొంగ కారుస్తూ నవ్వి, దబ్బున మొహం బొంతలో వేసేసింది.

తర్వాత యర్రమ్మ లేచి వంటింట్లోకి పోతూ, అన్నాలు తినేవాళ్ళెవరైనా ఉంటే రావొచ్చంది.

దుర్గాప్రసాద్ రెండింటికి వచ్చాడు. డాక్టరు మాట విన్నాక అతని ఎడమ భుజం కుడి భుజంతో సమానంగా దిగింది. అంతవరకూ అది మెడ దాకా బిగుసుకుని ఉంది. సారె సామాను జీపులోకి ఎక్కింది. అరిసెల డబ్బా, చలిమిడి, పసుపు కుంకుమ, చీరలు, అత్తగారికి ఒక అరకు కాఫీ పొడి పొట్లం. తొట్టిని జీపు పైన తాళ్ళతో కట్టబోతూ అల్లుడు అటూ ఇటూ తిరిగి చూశాడు.

"తలవైపు ఏది మావయ్యా?"

"రెండూ తలేపే బాబూ" అన్నాడు తాతారావు.

అల్లుడికి అర్థం కాలేదు. దారిలో చెప్తానంది భార్య. బయల్దేరే ముందు ఆమె తండ్రి దగ్గరకి వచ్చి చెయ్యి చాపింది. "ఆ దారం ఇటియ్యి. ఆరు వారాలకి ముడి ఎక్కడికొచ్చిందో ఫోన్ చేసి చెప్తాను" అంది. అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇంకేదైనా చెప్పాలనిపించింది గాని, కూతురుకి చెప్పాల్సినదంతా డాక్టరమ్మే చెప్పేసింది. పిల్ల నెత్తి మీద చెయ్యి వేశాడు. వెనకాల కుడిపక్క అరచేతికి చదునుగా తగిలింది. అక్కడే ఒక క్షణం ఆగి చెయ్యి తీసేశాడు.

మూడుంబావుకి గడప దాటారు. జీపు పాడేరు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా యర్రమ్మ చెయ్యి ఊపింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, పొద్దున నానేసిన బట్టలు జ్ఞాపకమొచ్చి నూతి దగ్గరకి పోయింది.

తాతారావు షెడ్డులోకి వచ్చి గోదాము తలుపు చెక్కని మళ్ళీ బల్ల మీదికి ఎత్తాడు. నాలుగు తోపులు తోసి, ఒక కన్ను మూసి, చెక్క అంచు వెంట చూశాడు. చూపు చెక్క చివర్న ఆగింది. ఇంట్లో పడమటి గోడకి నాలుగు బోల్టు కన్నాలున్నాయి. రేపు సున్నం పెట్టి పూడ్చాలి అనుకున్నాడు. పొట్టు కాళ్ళ మీద పేరుకుంటుంటే చీపురు కోసం వంగాడు. నేల ఊడుస్తూ ఊడుస్తూ ఒకచోట చీపురు పక్కకి తప్పించి, చుట్టూ మాత్రం ఊడ్చాడు.

అక్కడ నాలుగు మడతల బొంత అలాగే పరిచి ఉంది. నడుమ చిన్న పొట్ట ఒత్తిన పల్లం ఇంకా పైకి లేవలేదు. దానికి ఎడమ పక్కన అరచేయంత మేర సొంగ తడి. ఆ తడికి పసుపుపచ్చని పనస పొట్టు ఉంగరం ఒకటి అంటుకుని, లోయలోంచి గాలి వచ్చినప్పుడల్లా ఒక అంచు లేస్తూ, మళ్ళీ వాలుతూ ఉంది.